మావాడికి డైలాగులెన్ని?

(తెనాలిలో పిల్లల వేసవి నాటక శిబిరం మొదలయ్యే ముందురోజు సాయంత్రం, శిబిరం నడిపే రంగస్థల నటి తల్లిదండ్రులతో మాట్లాడిన మాటలకు అక్షరరూపం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ ఫ్యాను కాస్త ఆపెయ్యి. ఉక్కపోస్తుందని నాకూ తెలుసు. కానీ ఆ చప్పుడులో నా గొంతు చివరి వరుస దాకా రాదు. మైకు పెడతామన్నారు, నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో తర్వాత చెప్తాను.

ఇందాక ఫారాలు నింపుతుంటే ఒకాయన వచ్చి అడిగారు, "మేడమ్, మావాడికి డైలాగులెన్ని ఉంటాయి?" అని. నాటకం ఏదో నాకే ఇంకా తెలీదు. ఆయనకి మాత్రం డైలాగుల లెక్క కావాలి. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ, ఏటా నన్ను మొదట అడిగే ప్రశ్న ఇదే. ఫీజెంత అని కూడా దీని తర్వాతే అడుగుతారు. ఆయన్ని నేను తప్పుపట్టను. డబ్బు కట్టి, మండుటెండలో పొద్దున్నే లేపి, స్కూటర్ మీద తెచ్చి దింపుతారు. చివరి రోజు పిల్లాడు స్టేజీ మీద గుడ్లప్పగించి నిలబడితే మీకేం తృప్తి? అందుకే రేపు పిల్లలు రాకముందే మీతో ఈ మాట తేల్చుకుందామని పిలిచాను.

నేను మొదట మొహానికి రంగు పూసుకున్నది ఎనిమిదో ఏట. హరిశ్చంద్ర నాటకం, లోహితాస్యుడి వేషం. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో ఆడటానికి బయటినుంచి నాటక సమాజం వచ్చింది. లోహితుడు వేసే పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది. మా నాన్న హార్మోనియం వాయించేవాడు కాబట్టి ఆ నాటకం మాటలన్నీ నాకు నోటికి వచ్చు. జుట్టు పైకి ముడేసి, పంచె కట్టి నన్ను ఎక్కించేశారు.

మొదటి సగం బాగానే గడిచింది. అమ్మా ఆకలి, నాన్నా ఎక్కడికి పోతున్నావు... ఆ మాటలు గడగడా అప్పజెప్పేశాను, జనం చప్పట్లు కొట్టారు. పాము కరిచింది, పడిపోయాను. నా పని అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పుడు మొదలైంది. లోహితుడు చచ్చిపోయి పడుకోవాలి కదండీ!

కాటిసీను అంటే మీలో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. హరిశ్చంద్రుడు కాపలాకర్ర పుచ్చుకుని వచ్చి జాషువాగారి శ్మశానం పద్యాలు ఎత్తుకుంటాడు. ఆ పద్యాలు నాటకం రాసిన బలిజేపల్లి వారివి కావు, వేరే కావ్యంలోవి. అయినా అవి పాడకపోతే మనవాళ్ళు స్టేజీ దిగనివ్వరు. అవి అయ్యేదాకా నేను సైడ్ వింగులో, అంటే స్టేజీ పక్కన తెర చాటున, కునికిపాట్లు పడుతున్నాను. అర్ధరాత్రి దాటింది. అప్పుడు చంద్రమతి నన్ను భుజాన వేసుకొచ్చి మధ్యలో పడుకోబెట్టింది. పద్యం, దాని చివర రాగం, రాగం చివర ఈలలు, ఆ పైన వన్స్ మోర్. మళ్ళీ అదే పద్యం. నేను అలాగే వెల్లకిలా పడున్నాను. నెత్తిమీద బల్బులు, వాటి చుట్టూ పురుగులు. ఒకటి వచ్చి నా చెవిలో దూరింది.

ఎంతసేపని ఓర్చుకుంటాను? గోక్కున్నాను.

ముందు చాపల మీంచి ఎవడో అరిచాడు, "పిల్లాడు బతికాడ్రోయ్!" అని. (నవ్వులు) పందిరి పందిరంతా నవ్వు. అప్పుడు చంద్రమతి వేసినావిడ ఏం చేసిందో తెలుసా? ఏడుపు ఆపలేదు, పద్యం ఆపలేదు. పైటకొంగు నా చేతిమీద కప్పి, దానిమీద తల వాల్చి, ఇంకో స్థాయికెత్తి ఏడ్చింది. నాలుగు నిమిషాల్లో మళ్ళీ ముక్కు చీదుళ్ళు వినిపించాయి.

తెర పడ్డాక కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. దగ్గర కూచోబెట్టుకుని, "అమ్మీ, ఇంతసేపు నేనేడ్చింది ఎవర్ని చూసి? నిన్ను చూసే కదా. నువ్వు గోక్కుంటే నేనెవరికోసం ఏడవను?" అంది. తర్వాత నేర్పింది. వెల్లకిలా పడుకోకు, పొట్ట లేచి దిగటం కనిపిస్తుంది. జనం వైపు వీపు పెట్టి పక్కకి తిరుగు. ఊపిరి పొట్టలోకి లాక్కోకుండా పైపైన చిన్నచిన్నగా తీసుకో. లోపల అంకెలు లెక్కపెట్టు. ఏదన్నా కుడితే లెక్క గట్టిగా పెట్టు. నటనలో నాకు మొదటి పాఠం చెప్పిన గురువు ఆవిడే. ఆ పాఠంలో ఒక్క డైలాగూ లేదు.

ఇప్పుడు సురభి వాళ్ళ సంగతి చెప్తాను. 1885లో కడప దగ్గర సురభి అనే పల్లెలో వనారస గోవిందరావుగారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన కుటుంబం అది. నాటక సమాజమని అంటాం గానీ నిజంగా కుటుంబమే. అక్కడ శిబిరాల్లేవు, ఫారాల్లేవు. పుట్టిన పిల్ల ఉయ్యాల్లో ఉండగానే స్టేజీ ఎక్కుతుంది. ఎందుకంటే నాటకంలో పసిపిల్ల కావాలంటే ఇంట్లో ఉన్న పసిపిల్లే కదా. కాస్త నడక వస్తే కృష్ణుడి పక్కన గోపబాలుడు. నోరు తిరిగితే ప్రహ్లాదుడు. మధ్యలో ఎన్నో ఏళ్ళు వింగులో నిలబడి పెద్దవాళ్ళని చూడటం, తెర తాడు లాగటం, మాయలఫకీరు ఎగిరిపోయే సీన్లో తీగ పట్టుకోవటం. ఇంత పనయ్యాకే పెద్ద వేషం. మాటలు చివర్న వస్తాయి. అప్పటికి వాటిని మోయటానికి ఒళ్ళు తయారై ఉంటుంది.

అన్నట్టు మీ ఊరి సంగతి ఒకటి. ఆ గోవిందరావుగారే పూనుకుని 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తుని ఇక్కడే, ఈ తెనాల్లోనే మొదలుపెట్టించారు. రామవిలాస సభ అనే నాటక సమాజం ఈ ఊరిదే. ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావుగారు సత్యభామగా ఆ సభ నాటకాల్లోనే వెలిగారు. మీ ఇళ్ళల్లో తాతల్ని అడగండి, వాళ్ళ తాతలు చూసుంటారు.

నాకు సురభి వాళ్ళలా ఇరవై ఏళ్ళు లేవు. 20 రోజులున్నాయి. అందులో రెండు ఆదివారాలు ఎగ్గొడతారు, పెళ్ళిళ్ళ సీజను కాబట్టి ఇంకో రెండు పోతాయి. కాబట్టి మీవాణ్ణి నటుణ్ణి చేసి పంపిస్తానని నేను మాటివ్వను. ఆడిషన్లకి పనికొస్తుందా అని ఒకమ్మ అడిగింది. పనికి రావచ్చు, రాకపోవచ్చు. సినిమాలో కెమెరా దగ్గరకొచ్చి మొహం చూస్తుంది. ఇక్కడ చివరి కుర్చీలో ముసలాయనకి నువ్వే వెళ్ళి కనిపించాలి. రెండూ వేరే పనులు. మేం రెండోది నేర్పుతాం.

ఎలా నేర్పుతామంటే, మొదటి నాలుగు రోజులు ఆటలే. మీరు పదిన్నరకి వచ్చేసరికి పిల్లలు వరండాలో పరుగులు పెడుతుంటారు. "ఇదేంటండీ, డబ్బు కట్టి ఆడుకోటానికి పంపించామా?" అనకండి. ఈ స్కూలునే ఎందుకు తీసుకున్నానో తెలుసా? వరండాలో స్తంభాలున్నాయి. నాలుగు స్తంభాలాట మీరంతా ఆడే ఉంటారు. నలుగురు నాలుగు స్తంభాలు పట్టుకుంటారు, దొంగ మధ్యలో ఉంటాడు. ఇద్దరు కళ్ళతోనే మాట్లాడుకుని, దొంగకి తెలీకుండా చోట్లు మార్చుకోవాలి. నోరు తెరిచారా, దొంగ స్తంభం ఎక్కేస్తాడు. స్టేజీ మీద ఇద్దరు నటులకి కావలసింది ఇదే కదండీ. అవతలివాడు కదలబోతున్నాడని వాడి కంట్లో నాకు తెలియాలి. దీన్ని ఐ కాంటాక్ట్ అంటూ బోర్డు మీద రాసి చెప్తే పిల్లలకి ఆవులింతలొస్తాయి. స్తంభం దగ్గర అరగంటలో వస్తుంది.

'వీరీ వీరీ గుమ్మడిపండు వీరి పేరేమి' ఆటని కొంచెం మార్చాను. ఒక పిల్ల కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. ఎవరో ఒకరు నడిచి వెళ్తారు. అడుగుల చప్పుడు విని పేరు చెప్పాలి. రెండో రోజుకల్లా చెప్పేస్తారు. బాబీ కాలీడుస్తాడు, చిన్ని మునివేళ్ళ మీద నడుస్తుంది, ఇంకొకడు మడమ దబ్బుదబ్బుమని వేస్తాడు. మూడో రోజు ఆట తిరగేస్తాం. బాబీ, నువ్వు చిన్నిలా నడిచి కళ్ళు మూసుకున్నదాన్ని మోసం చెయ్యి చూద్దాం. అంతే, వాడు వేషం కట్టేశాడు. మాట లేదు, మీసం లేదు, డ్రెస్సు లేదు. స్థానంవారు మీసాలు తీసేసి చీర కట్టుకున్నంత మాత్రాన సత్యభామ అయిపోలేదండీ. మగవాడి నడకని ఒంట్లోంచి తీసేసి ఆడదాని నడక తెచ్చిపెట్టుకున్నారు. 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారంటే ఆ ఒంటికే ఇచ్చారని నా లెక్క.

ఈ మాట మీద ఒక పిడకలవేట. ఆ రోజుల్లోనే బళ్ళారి రాఘవగారు ఉండేవారు. వృత్తికి వకీలు, నాటకంలో సింహం. ఆయన ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టి, కుటుంబాల్లోంచి స్త్రీలని స్టేజీ మీదికి తెచ్చారు. ఎవరు గొప్ప అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. నేను లేడీ ఆర్టిస్టుగా బతికినదాన్ని. పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు, ఆడేవాళ్ళకి ఆ మాట తెలుసు. సమాజంలో అందరూ మగవాళ్ళే, ఆడవేషానికి మాత్రం బయటినుంచి మనిషిని కుదుర్చుకుంటారు. ముందురోజు బస్సు దిగి, ఒక్క రిహార్సల్ వేసి, మర్నాడు ఆడేసి, ఇంకో ఊరు బస్సెక్కాలి. కాబట్టి నేను రాఘవగారి పక్షం. కానీ నడక నేర్పేటప్పుడు స్థానంవారి పేరే చెప్తాను. మా శిబిరంలో ఆడపిల్లలు దొంగలూ వెయ్యొచ్చు, మగపిల్లలు అమ్మమ్మలూ వెయ్యొచ్చు. కిందటేడు ఒక బాబు అమ్మమ్మ వేషం వేస్తే వాళ్ళ అమ్మమ్మే వచ్చి, "నేనిట్టా మోకాళ్ళు పట్టుకుని లేస్తానట్రా" అని దెబ్బలాడింది. (నవ్వులు) వాడు సరిగ్గా చూశాడన్నమాట.

అయిదో రోజునుంచి గొంతు పని. నాట్యశాస్త్రం రాసిన భరతుడు అభినయాన్ని నాలుగు వాటాలేశాడు. ఆంగికం అంటే ఒళ్ళు, వాచికం అంటే మాట, ఆహార్యం అంటే వేషం, సాత్త్వికం అంటే లోపలి భావం. మీరడిగే డైలాగు అందులో ఒక్క వాటా. దాని సంగతీ చెప్తాను, ఎందుకంటే అందులో ఈ కాలం పిల్లలకి పెద్ద చిక్కొచ్చిపడింది.

ముందు ఊపిరి. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్టమీద లెక్కల పుస్తకం పెడతాం. వేసవిలో దానికి ఇంకేం పని? ఊపిరి పీలిస్తే పుస్తకం లేవాలి, వదిలితే దిగాలి. లోహితుడికి చెప్పినదానికి పూర్తిగా తిరగేసి అన్నమాట. శవానికి పొట్ట కదలకూడదు, బతికున్నవాడికి పొట్టే కదలాలి. తర్వాత నిలబెట్టి 'స్స్స్' అని గాలి వదలమంటాం. మొదటిరోజు పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది. రోజూ చేస్తే పెరుగుతుంది. పద్యనాటకం వాళ్ళు గుక్క అనేది దీన్నే. గుక్క ఉన్నవాడికి అరవాల్సిన పనుండదు. గుక్క లేనివాడు గొంతుతో అరుస్తాడు, మూడో రోజుకి గొంతు బొంగురుపోతుంది. మీరు మా దగ్గరకొచ్చి, "ఏం చేశారండీ పిల్లాణ్ణి" అంటారు.

ఇక చిక్కు సంగతి. స్క్రిప్టు తెలుగులో ఇస్తే పిల్లలు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. అందరూ కాదు, చాలామంది. రాసుకుంటే రాసుకున్నారు, పలికేటప్పుడు వస్తుంది తంటా. ఆ అక్షరాల్లో కళ్ళూ కల్లూ ఒకటే. ఒకసారి ప్రదర్శనలో ఒక పిల్ల అమ్మ వేషం వేసింది. కొడుకు పట్నంనుంచి రావాలి, వీధి గుమ్మంలో నిలబడి కన్నీళ్ళతో చెప్పాలి, "నీకోసం చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయిరా" అని. ఆ పిల్ల ఎంతో ఆర్ద్రంగా, "నా కల్లు కాయలు కాశాయిరా" అంది. (నవ్వులు) ముందు వరుసలో ఉన్న గౌడుగారు, పాపం మంచివాడు, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

అందుకని ఇప్పుడు మేం స్క్రిప్టు కాగితం ఇవ్వటం మానేశాం. నోటితో చెప్తాం, విని పట్టుకుంటారు. మా హరికథలవాళ్ళూ, చిందు భాగవతులూ, బొమ్మలాటవాళ్ళూ నేర్చుకున్నది అలాగే. తెలుగు చదవటం రాని పిల్లకి కూడా ళ వినబడుతుంది. నాలిక వెనక్కి మడిచి చూపిస్తే వచ్చేస్తుంది. యాస మాత్రం మార్చను. ఇక్కడ ఒంగోలునుంచి వచ్చిన పిల్లలున్నారు, సెలవులకి అమ్మమ్మ ఇంటికి హైదరాబాదునుంచి వచ్చినవాళ్ళున్నారు. ఎవరి మాట వాళ్ళదే. గురజాడ 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడించినప్పుడు గిరీశానికొక మాట, రామప్పంతులుకొక మాట, పూటకూళ్ళమ్మకొక మాట పెట్టాడు. ఆయనకి లేని పట్టింపు మనకెందుకు?

మైకు సంగతి చెప్తానన్నాను. పరిషత్తుల్లో స్టేజీ మీద మైకులు వేలాడేవి. నటుడు ఏడవాలన్నా, కొట్లాడాలన్నా, చావాలన్నా మైకు కిందికి రావాలి. భార్య ఆ మూల చచ్చిపడి ఉంటే మొగుడు ఈ మైకు దగ్గర నిలబడి జనంకేసి చూస్తూ ఏడ్చేవాడు. మాకు మైకే దర్శకుడైపోయింది. ఇన్నేళ్ళు ఆడి నేనూ ఆ అలవాటులో పడ్డాను, ఇప్పటికీ పైన ఏదన్నా వేలాడుతుంటే కాళ్ళు అటే పోతాయి. పిల్లలకి ఆ రోగం అంటకూడదని మొదటి పది రోజులు మైకు కంటపడనివ్వను.

ఇక స్టేజీ మర్యాదలు కొన్ని ఉంటాయి, గబగబా చెప్పేస్తాను. వింగులో నిలబడ్డప్పుడు నీకు జనం కనిపిస్తున్నారంటే నువ్వు జనానికి కనిపిస్తున్నట్టే. లైటు ఎక్కడుందో తలెత్తి చూడక్కర్లేదు, బుగ్గకి వేడి తగలాలి. ఎదుటివాణ్ణి కప్పెయ్యకూడదు. చెంబు, కర్ర, ఉత్తరం, ఏ వస్తువు ఎక్కడ పెట్టుకుంటే అక్కడే ఉండాలి. బల్లమీద సుద్దముక్కతో గీతగీసి పెడతాం, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒకేడు ఉత్తరం చదివే సీన్లో ఉత్తరం లేక మా హీరో అరచెయ్యి చదివాడు. జనం వాడు జాతకం చూసుకుంటున్నాడనుకున్నారు. మేకప్ చివరి రెండు రోజులే. పూర్వం ముర్దాసింగి, జింకు పొడి రాసేవాళ్ళు, మొహం మండిపోయేది. ఇప్పుడు అంత బాధ లేదు. అయినా ఎవరికన్నా చర్మానికి పడకపోతే ముందే చెప్పండి. మీసం అంటించే గమ్ము ఈ చెమటకి నిలవదు, కాటుకతో గీస్తాం.

ఇప్పుడు మళ్ళీ మొదటికి, డైలాగుల లెక్కకి వస్తాను.

కూచిపూడి నేర్చుకునే పిల్లలకి మొదట్లోనే చెప్తారు, చెయ్యి ఎటుపోతే చూపు అటు, చూపు ఎటుపోతే మనసు అటు అని. అభినయదర్పణం అనే పాత నాట్యగ్రంథంలో మాట. అది ఆడేవాళ్ళ సంగతి. నాటకం చూసేవాళ్ళకీ ఇదే నడుస్తుందండీ. స్టేజీ మీద పదిమందున్నారనుకోండి, ఒకడు మాట్లాడుతున్నాడు. మిగతా తొమ్మిదిమంది వాడి వైపు చూస్తే హాలంతా వాడి వైపు చూస్తుంది. ఆ తొమ్మిదిమందిలో ఒకడు పల్లీల బండి వైపు చూశాడా, హాలంతా పల్లీల బండి వైపు చూస్తుంది. ఎంత గొప్ప డైలాగైనా పోయినట్టే. అంటే మాట్లాడేవాడికి జనం చూపు తెచ్చిపెడుతున్నది మాట లేని ఆ తొమ్మిదిమంది.

ఇందులో మీ పాత్ర కూడా ఉంది, ఏమనుకోకండి. చివరిరోజు ముందు వరుసలో అమ్మలు కూర్చుంటారు. రోజూ ఇంట్లో చెప్పించి చెప్పించి పిల్లకంటే తల్లికే బాగా వచ్చేసి ఉంటుంది. పిల్ల నోరు తెరవగానే ఇక్కడ అమ్మ పెదాలు కదుపుతుంది. పిల్ల ఎదుటి పాత్రని వదిలేసి అమ్మ పెదాలు చూస్తుంది. వెనకున్న రెండొందల మంది, ఈ పిల్ల ఎవర్ని చూస్తోందిరా అని అమ్మ వీపు చూస్తారు. (నవ్వులు) అందుకని ముందు రెండు వరుసలు అమ్మానాన్నలకి ఇవ్వం. అక్కడ పక్క స్కూలు పిల్లల్ని కూర్చోబెడతాం. వాళ్ళు మొహమాటం లేకుండా చూస్తారు, బాగోకపోతే లేచి నీళ్ళకి పోతారు.

ప్రాంప్టింగ్ కూడా లేదు. పాత నాటకాల్లో వింగు వెనక ఒకాయన పుస్తకం పట్టుకుని అందించేవాడు. కొన్నిసార్లు ఆయన గొంతే నటుడికంటే బాగా వినపడేది. మా దగ్గర మర్చిపోతే ఏం చెయ్యాలని అడుగుతారు పిల్లలు. పక్కవాళ్ళు ఆదుకోవాలి. అదే నాలుగు స్తంభాలాట. కళ్ళు చూస్తే తెలియాలి, వీడికి మాట పోయిందని.

మూడేళ్ళ కిందట బస్టాండు నాటిక ఒకటి వేశాం. పిల్లలే అల్లుకున్నది. అందులో ఒక బాబుకి టీ అమ్మే కుర్రాడి వేషం. ఒక్క డైలాగు లేదు. ఫ్లాస్కు పట్టుకుని అటూ ఇటూ తిరగాలి, అంతే. వాళ్ళ నాన్నగారు ముందురోజు వచ్చి నాతో గట్టిగానే మాట్లాడారు. పక్కింటివాళ్ళమ్మాయికి పేజీన్నర ఇచ్చి మావాడికి ఫ్లాస్కు ఇచ్చారేంటండీ అని. నేను చెప్పాల్సింది చెప్పాను, ఆయనకి ఎక్కలేదు.

ప్రదర్శన రోజు ఆ పేజీన్నర అమ్మాయి సగంలో ఆగిపోయింది. ఊరొదిలి పోతున్న పిల్ల, బెంచీ మీద కూర్చుని తల్లికి ఏదో చెప్పాలి. మాట రావట్లేదు. కళ్ళు పైకెత్తింది, అదే గుర్తు. నాకు వింగులో గుండె జారిపోయింది. నా పక్కనున్న అబ్బాయి గుసగుసగా అందించబోతే నోరు నొక్కేశాను. ఈలోపు టీ కుర్రాడు అటునుంచి మామూలుగా తిరుగుతూ వచ్చి బెంచీ దగ్గర ఆగాడు. గ్లాసులో టీ పోసినట్టు పోశాడు. ఆ పిల్ల చేతిలో పెట్టాడు. పెట్టి, వెళ్ళిపోకుండా, అక్కడే నిలబడి ఆ పిల్ల మొహంలోకి చూశాడు. ఆ పిల్ల గ్లాసు చూసింది, ఊదుకుని ఒక గుక్క తాగింది. "అమ్మా, ఇలాంటి టీ కూడా దొరకదేమో అక్కడ" అంది. స్క్రిప్టులో లేదు ఆ మాట. అక్కణ్ణించి అసలు మాటలు గుర్తొచ్చి అందుకుంది. హాల్లో ఒక్కరికి కూడా తెలీలేదు. మాకు ఒళ్ళు జలదరించింది.

వాళ్ళ నాన్నగారికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, "అయితే ఆ మాటేదో మావాడే అనుంటే సరిపోయేది కదండీ" అన్నారు. (నవ్వులు) ఇప్పటికీ బజార్లో కనిపిస్తే అదే అంటారు. ఆ అబ్బాయి మాత్రం తర్వాత రెండేళ్ళూ వచ్చాడు. రెండుసార్లూ వేషాలు పంచేటప్పుడు, మాటలు తక్కువున్నదేదని తనే అడిగి తీసుకున్నాడు.

నాటకాల్లో పడితే చదువు పోతుందని భయపడేవాళ్ళు కూడా ఉన్నారిక్కడ, మొహాలు చూస్తే తెలుస్తోంది. ఏప్రిల్ 16న రంగస్థల దినోత్సవం చేసుకున్నాం. కందుకూరివారి పుట్టినరోజు అది. ఆయన 1880లో రాజమండ్రిలో వ్యవహార ధర్మబోధిని ఆడించింది ఎవరిచేతనో తెలుసా? తన దగ్గర చదువుకునే కుర్రాళ్ళ చేత. వకీళ్ళ బండారం బయటపెట్టే నాటకం, బళ్ళో పిల్లలు వేశారు. వాళ్ళ చదువు పాడైందో లేదో గానీ మన ఆధునిక నాటకం మాత్రం అక్కడే మొదలైంది.

సరే, ఎవరన్నా ఏదన్నా అడుగుతారా?

(ఒక తల్లి: మేడమ్, మా అమ్మాయికి బాగా సిగ్గు. ఇంటికి ఎవరన్నా వస్తే లోపలికి పోతుంది. దాన్ని బలవంతంగా ముందుకి తొయ్యకండి.)

తొయ్యనమ్మా. మొదటివారం తెర తాడు దాని చేతికిస్తాను. తెర ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు వెయ్యాలో దానికి తెలియాలంటే నాటకమంతా చూస్తూ కూర్చోవాలి. చూసి చూసి తనకే నోరు ఊరితే అప్పుడడుగుతుంది. అడక్కపోతే తెర తాడే లాగుతుంది. సమయానికి తెర పడక పరువు పోగొట్టుకున్న నాటకాలు నాకు బోలెడు తెలుసు. తాడు దగ్గర నమ్మకమైన మనిషి నాకూ కావాలి.

(ఒక తండ్రి: ఫోన్లో వీడియో తీసుకోవచ్చా అండీ?)

చివరిరోజు ఒక మనిషి చేత తీయించి అందరికీ పంపిస్తాం. మీరు తీయొద్దు. చీకట్లో ఇరవై ఫోన్లు వెలిగితే పిల్లల కళ్ళు ఎటుపోతాయో ఇందాకే చెప్పాను.

(ఇంకొకరు: ఈసారి ఏ నాటకం వేస్తున్నారు?)

అది పిల్లల్ని చూశాక. రేపు పొద్దున ఏడింటికి గేటు తీస్తాం, ఏడుంపావుకి మూసేస్తాం. ఎండ ముదరకముందే, పదిన్నరకల్లా వదిలేస్తాం. నీళ్ళ సీసా, ఒక తువ్వాలు, వదులుగా ఉండే బట్టలు. జీన్సులు వద్దు, కింద కూర్చోలేరు. చెప్పులు ఆ మూల విడవాలి. మధ్యలో మజ్జిగ మేమే ఇస్తాం, చిప్స్ పొట్లాలు పంపకండి, కరకరలాడే చప్పుడుకి రిహార్సల్ సాగదు. ఆ, ఇంకోటి. ఇక్కడ తోట పక్కనే కదా, పొద్దున పూట కూడా దోమలుంటాయి. కాళ్ళకి చేతులకి మందు రాసి పంపండి. మూడో రోజు అందరిచేతా శవం వేషం వేయిస్తాను. ఆ ఒక్కరోజు మాత్రం రాయకండి.